షాట్ ఓకే, చదువు ఎన్‌జీ

తెర మీద కథానాయిక పెదాలు కదిలినంత మాత్రాన ఆమెకు తెలుగు వచ్చినట్టు కాదని హైదరాబాదులో సినిమావాళ్ల పేట కృష్ణానగర్‌లో టీ కొట్టు కుర్రాడికి కూడా తెలుసు. ముంబయి నుంచి దిగిన అమ్మాయికి డైలాగు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిస్తారు. అదీ నోరు తిరక్కపోతే కెమెరా పక్కన నిలబడి అసిస్టెంట్ డైరెక్టరు ముక్కముక్కగా అందిస్తాడు. ఆనక డబ్బింగ్ థియేటర్లో మరొకరు గొంతు ఇస్తారు. ఇందులో దాపరికమేమీ లేదు. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు విడిగా బహుమతి కూడా ఉండేది. పెదాలు ఎవరివో, మాట ఎవరిదో పరిశ్రమ ఏనాడూ కలగాపులగం చేసుకోలేదు. ఆ తేడా తెలియని చోటు ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది: ప్లేస్కూలు.

యూసుఫ్‌గూడ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఏ సందులోకి తిరిగినా రంగుల గోడ ఒకటి కనిపిస్తుంది. దాని మీద మిక్కీ మౌస్‌కు దూరపు చుట్టం అనిపించే ఎలుక బొమ్మ, కింద మూడేళ్లకే మీ పాప గడగడా చదివేస్తుందన్న హామీ. లోపల టీచరమ్మ ఒక మాట అంటుంది, గది మొత్తం అందుకుంటుంది. పుస్తకం మూసినా పాఠం ఆగదు, తలకిందులుగా పట్టుకున్నా ఆగదు. రెండో లైను మీద వేలు పెట్టి చదవమంటే మొదటి లైనే వస్తుంది, పాపం రీలు అక్కడి నుంచే మొదలవుతుంది మరి. తల్లి దాన్ని ఫోన్లో తీస్తుంది, ఊళ్లో తాతగారికి వాట్సాప్‌లో పంపుతుంది, మనవరాలు ఇంగ్లిష్ చదివేస్తోందని ఆయన వీధంతా చాటుతాడు. షాట్ ఓకే. చదవడం అనే పనికి మాత్రం ఇంకా క్లాప్ కొట్టలేదు. ఇది చాలదన్నట్టు, పెన్సిలు పట్టే వేళ్లు ఇంకా కుదురుకోని పిల్లల చేత నాలుగు గీతల పుస్తకంలో కర్సివ్ రాయిస్తారు. అక్షరం ఏ చప్పుడు చేస్తుందో తెలియదు గానీ దాని తోక ఎటు తిప్పాలో తెలుసు.

చదవడానికి కొన్ని జరగాలి. మాట ముందే చెవికి తెలిసి ఉండాలి. ఆ మాట చిన్న చిన్న చప్పుళ్లుగా విడిపోతుందని తట్టాలి. ఏ చప్పుడుకు ఏ గుర్తో పట్టుబడాలి. ఆ గుర్తులను కలిపినప్పుడు తనకు తెలిసిన మాటే మళ్లీ బయటికి రావాలి. ఎరగని మాట బయటికొస్తే, సరిగ్గా వచ్చిందో లేదో పిల్లకు తెలిసే దారే లేదు. ఈ పని ఏ భాషలో ఎంత కాలం పడుతుందో ఫిలిప్ సేమూర్ బృందం యూరప్‌లో పోల్చి చూసి 2003లో ప్రచురించింది. బడిలో ఒక ఏడాది గడిచేసరికి ఫిన్నిష్, గ్రీకు, జర్మన్ పిల్లలు పరిచయమున్న మాటల్లో నూటికి 98 సరిగ్గా చదివారు. ఇంగ్లిష్ చదివే స్కాట్లండ్ పిల్లలు చదివింది 34. వాళ్లు పుట్టి పెరిగింది ఇంగ్లిష్‌లోనే. లోపం పిల్లల్లో లేదు, అదే అచ్చును 'బట్'లో ఒకలా 'పుట్'లో ఇంకోలా పలికించే స్పెల్లింగులో ఉంది. అంటే మనవాళ్లు ఆ పోలికలో అన్నిటికన్నా కష్టంగా తేలిన రాతను ఏరి తెచ్చి, ఇంట్లో ఆ భాష వినని పిల్ల ముందు పెట్టి, ఫిన్లండ్‌లో పిల్లలు బడిలో చేరే ఏడో ఏటికి నాలుగేళ్ల ముందే మొదలుపెట్టి, దానికి 'హెడ్ స్టార్ట్' అని పేరు పెట్టి ఫీజు కట్టించుకుంటున్నారు. తెలుగు రాత సులువని చెప్పడం లేదు. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో పిల్లలు ఎలా చదువుతారో పరిశీలించి సోనాలీ నాగ్ 2007లో ప్రచురించారు. అక్కడ అక్షరాలన్నీ పట్టుబడటం నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుంది. గుణింతాలు, ఒత్తులు కలిస్తే గుర్తులు వందల్లోకి పోతాయి. అయితే ఒకసారి పరిచయమైన తెలుగు అక్షరం దాదాపుగా మాట తప్పదు.

మేం పాత పద్ధతిలో లేము, ఫోనిక్స్ నేర్పుతున్నాం అంటారు యాజమాన్యాలు. ఫోనిక్స్ మంచిదే, అందులో వ్యంగ్యానికి చోటు లేదు. చప్పుళ్లనూ అక్షరాలనూ ఒక వరసలో పెట్టి నేర్పితే పిల్లలు బాగా చదువుతారని అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లోనే తేల్చింది. (అది తేల్చాక కూడా అక్కడ చాలా బడుల్లో ఏళ్ల తరబడి బొమ్మ చూసి మాట ఊహించమనే చెప్పారు. తెలివితక్కువతనం మన సొత్తు మాత్రమే కాదు.) చిక్కేమిటంటే ఇక్కడ ఫోనిక్స్ బ్యానరు వరకే వచ్చింది. తెలుగు చెవికి హల్లు ఒంటరిగా నిలబడదు, ప్రతి దాని పక్కనా ఒక 'అ' వచ్చి చేరుతుంది. అందుకే టీచరు 'బ, యా, ట' అని విడగొడుతుంది. ఈ మూడింటినీ ఎంత వేగంగా కలిపినా 'బ్యాట్' రాదు. పిల్ల టీచరు మొహం చూసి జవాబు పట్టేస్తుంది. మళ్లీ ప్రాంప్టింగే. ఆ టీచరును తిట్టి లాభం లేదు. బడ్జెట్టంతా గోడ మీది ఎలుకకే పోతే పొల్లు పలకడం ఆమెకు నేర్పేదెవరు?

మేమూ బట్టీ పట్టే పైకొచ్చాం అనే పెద్దలు రెండో వరసలో ఉంటారు. వాళ్ల మాటలో సగం నిజముంది. క కా కి కీ అని రాగం తీసే గుణింతంలో ఒక లెక్క ఉంది. హల్లు కదలదు, అచ్చు మారుతుంది, దానితో గుర్తూ మారుతుంది. అది చప్పుడుకూ రాతకూ ఉన్న బంధాన్ని చెవిలోకి ఎక్కిస్తుంది, కాబట్టి వల్లె వేయడం నేరం కాదు. అయితే ఆ పెద్దలు వల్లె వేసింది తమకు వచ్చిన భాషలో. పైగా అదే బెంచీ మీద పక్కన కూర్చుని, అక్షరం అంటక మూడో తరగతిలో బడి మానేసినవాళ్లు ఇవాళ మా కాలంలో అంటూ ఉపన్యాసాలు ఇవ్వడం లేదు. నెగ్గినవాళ్ల జ్ఞాపకాలు కొలబద్ద కావు.

బరువైన అభ్యంతరం తల్లిదండ్రులది. లైట్‌మ్యాన్, జూనియర్ ఆర్టిస్టు, కాస్ట్యూమ్స్ కుట్టే దర్జీ తమ పిల్లలకు ఇంగ్లిష్ కావాలంటారు. ఆ కోరికను వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు, ఆడియో ఫంక్షన్‌లో తెలుగు తల్లికి దండం పెట్టి పిల్లల్ని ఇంటర్నేషనల్ స్కూలుకు పంపే పెద్దమనుషులకు అసలే లేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో ఇంగ్లిష్ మీడియం జీవో ఇచ్చింది, 2020లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టింది. మీడియం మీద ఇంత యుద్ధం జరుగుతుంటే పిల్ల చదవగలుగుతోందా అన్న ప్రశ్న మూల కూర్చుంది. పిల్లల చదువును కొలుస్తూ పల్లెల్లో తిరిగే అసర్ సర్వే ప్రకారం, తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు పడింది. ఈ లెక్కలో ప్రైవేటు బడుల పిల్లలూ ఉన్నారు. కరోనా బడులు మూయించిందంటారు, నిజమే. కానీ 2018 నాటి 18.1కి కరోనాను దోషిని చేయడం అన్యాయం. గుర్తుకూ చప్పుడుకూ ఉన్న లంకె ఒక భాషలో పట్టుబడ్డ పిల్ల రెండో భాషలో మళ్లీ మొదటి నుంచి మొదలెట్టనక్కర్లేదు. కాబట్టి ఇంగ్లిష్ కావాలనుకునే తండ్రి ముందు అడగాల్సింది తెలుగు చదవడం వచ్చిందా అని. ఇంట్లో హిందీయో ఒడియానో మాట్లాడే పిల్లలు కూడా కృష్ణానగర్‌లో ఉన్నారు. వాళ్లకు ఆ భాషలో మాట్లాడే టీచరు ఒక్కరైనా ఉండాలి. అది ఖర్చుతో కూడిన పనే, ఎలుక బొమ్మకు మళ్లీ రంగు వేయించడం కన్నా కాస్త ఎక్కువే.

టీచరు చేయగలిగినవి పెద్ద విద్యలు కావు. పుస్తకం తెరవకముందు చప్పుళ్లతో ఆడించాలి: 'పలక'లోంచి 'ప' తీసేస్తే ఏం మిగిలింది? యాభై ఆరు అక్షరాలూ అయ్యేదాకా ఆగకుండా, నాలుగైదు రాగానే వాటితో మాటలు కట్టించాలి. ర, ల, వ, త, గ వస్తే తల, వల, గల, తరగ చదవొచ్చు. పిల్లలు చదవలేని కథను రోజూ పైకి చదివి వినిపించాలి. అన్నిటికన్నా ముందు, జవాబు అందించకుండా నోరు కట్టుకోవాలి. ఇక చదవడానికి ఏముందంటారా? ఇక్కడ సినిమా వాళ్లను ఒక మాట అడగాలి. 1947 జూలైలో మద్రాసులో 'చందమామ' పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి ఎవరు? 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన నిర్మాతలే. రచయిత కొడవటిగంటి కుటుంబరావు 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రిక భారం మోశారు. పిల్లలు చదివేలా తెలుగు రాయడం వ్యాపారమేనని ఒకప్పుడు పరిశ్రమకు తెలుసు. మద్రాసు నుంచి హైదరాబాదుకు వస్తూ స్టూడియోలు తెచ్చుకున్నారు, స్టార్లను తెచ్చుకున్నారు. ఆ లారీలో పిల్లల పత్రికకు మాత్రం చోటు దొరకలేదు.

ఇక యాన్యువల్ డేకి ఒక చిన్న మార్పు. కంఠతా పట్టిన ఇంగ్లిష్ వాక్యాలు పక్కనపెట్టి, పాప ఎన్నడూ చూడని నాలుగు మాటల వాక్యం ఒకటి ముఖ్య అతిథి చేత బోర్డు మీద రాయించి, పాపనే చదవమనండి. ముఖ్య అతిథి ఫిల్మ్‌నగర్ కథానాయకుడైతే ఒక్క షరతు: తెలుగు లిపిలో రాయాలి, అసిస్టెంట్ డైరెక్టర్ని స్టేజీ ఎక్కనివ్వకూడదు.