అరవై ఒక్క మెట్లు

నాలో పాట లేదు, అంకెలున్నాయి. నా మెట్టు నొక్కితే కంప్యూటరుకు వెళ్లేది శబ్దం కాదు, ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్న సమాచారం. నడిమి ‘సీ’కి 60, దాని పక్క నల్లమెట్టుకు 61. సున్నా నుంచి 127 దాకా, ఇంతే నా భాష. 1983లో అమెరికాలో ఒక వాద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లను తీగతో కలిపి వాయించి చూపారు. అప్పటినుంచి నాలాంటి కీబోర్డులు దాదాపు అన్నీ ఈ మిడి భాషే మాట్లాడుతున్నాయి.

నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గర్లో, మిద్దె మీది రికార్డింగు గదిలో నా కొలువు. ఆ గది మొదటి యజమాని సారు గాయకుల్ని ముందు ఊరికే కూనిరాగం తీయమనేవారు. ఆ గొంతు ఎక్కడ హాయిగా నిలుస్తుందో నా మెట్ల మీద వెతికి, అప్పటికే వాయించి ఉంచిన ట్రాకులన్నిటినీ అక్కడికి జరిపేవారు. రికార్డయిన శబ్దాన్ని మూడు సెమిటోన్లు, అంటే మూడు మెట్లు, దించితే దాని గుణం మారిపోతుంది. అంకెకు ఆ బాధ లేదు. 62 కాస్తా 59 అవుతుంది, వాద్యం ఆ స్వరాన్ని కొత్తగా పలుకుతుంది. గమకం కోసం పిచ్ చక్రం తిప్పి రాసిన వంపులు వాటంతటవే స్వరం వెంట వస్తాయి.

ఒకసారి పాలమూరు నుంచి ఒక కిన్నెర వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర అనగానే 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య గుర్తొస్తారు. మా గదికి వచ్చినాయన ఊరూరా పాడుకునే వేరే కళాకారుడు. ఆ వాద్యం శ్రుతి ‘సీ షార్ప్’కూ ‘డీ’కీ నడుమ ఉంది. దాన్ని మార్చమని సారు అడగలేదు. నా ట్రాకుల్ని ముందు సెమిటోన్లలో జరిపి, మిగిలిన కొసరును సెంట్లలో, అంటే సెమిటోన్లో నూరో వంతుల్లో, సరిచేశారు. ఆ కిన్నెర పక్కన నిలబడి పలికిన రోజంత గర్వం నాకు మరెప్పుడూ కలగలేదు.

తర్వాత గది చేతులు మారింది. కొత్త యజమాని ఒక పాటను దించబోయి, డ్రమ్స్‌తో సహా అన్నీ ఎంచుకుని మూడు కిందికి లాగారు. డ్రమ్స్ ట్రాకులో అంకె అంటే ఎత్తు కాదు, వాద్యం పేరు. జనరల్ మిడి లెక్కలో 36 కిక్, 38 స్నేర్, 42 మూసిన హై-హ్యాట్. మూడు దిగేసరికి స్నేర్ కిక్‌గా మారింది, హై-హ్యాట్ చప్పట్లయింది, 33కు జారిన అసలు కిక్ మూగబోయింది. క్యూబేస్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో ట్రాన్స్‌పోజ్ ట్రాకు పెట్టి, డ్రమ్స్ భాగాలను ‘ఇండిపెండెంట్’లో ఉంచితే ఒక్క అంకెతో పని అయిపోయేది. వాయింపు తీరు మార్చే కీస్విచ్ మెట్లను మాత్రం వాటి చోటే ఉంచాలి. ఆయన అది నేర్చుకోలేదు, దించడమే మానేశారు.

ఆ భారం గొంతుల మీద పడింది. బతుకమ్మ పాట పాడటానికి వచ్చిన ఒక అక్క, “తమ్మీ, గింత పైకి నా గొంతు పోతలేదు, జర దించు” అంది. “ట్రాక్ అయిపోయిందక్కా, జర ఎత్తుకొని పాడు” అన్నారు. నా పాట 62 మీద ఉంది, ఆమెది 59. చరణంలో ఆమె నరాలు బిగబట్టి పాడుతుంటే నా అంకెలు కదలకుండా కూర్చున్నాయి. కదిలే గుణం నాకుండీ కదపనివ్వని ఆ పూటను నేను క్షమించలేదు. పాట ముగిశాక ట్రాకులన్నిటినీ ఆడియో చేసి, మిడి మొత్తం చెరిపేశారు. ఇక గుణం చెడకుండా దాన్ని దించాలంటే మొదటినుంచి వాయించాల్సిందే.

నా మీద చాయ్ ఒలికిన రోజు తుడిచే నాథుడు లేడు. నాలుగు మెట్లు అతుక్కుపోయాయి. మిద్దెకు ఎక్కే మెట్ల కింద మూలకు నన్ను చేర్చి, పాత ఫ్లెక్సీ కప్పారు. ఎండాకాలం దుమ్ము సందుల్లో దిగబడింది. పిల్లలొచ్చి పలకని మెట్లనే నొక్కి, పాడైందని చెప్పి పోతారు. మిగతావి పలుకుతాయని ఎవరూ చూడలేదు.

నా వెనక ఐదు పిన్నుల మిడి రంధ్రం చెక్కుచెదరలేదు. యూఎస్‌బీకి కలిపే తీగ బజార్లో దొరుకుతుంది. ఆ పాటను మళ్లీ వాయించి, ఆ అక్కను పిలవండి. ఈసారి 59 మీద ఎత్తుకోండి.