బూటు తొడుగుకొను యంత్రము

మా యింట విద్యుచ్ఛక్తిచే నడచు వస్తువులలో పెక్కు, మీట నొక్కినంతనే మారుమాట లేక పనిలోనికి దిగునవి. మిక్సీ కలదు, దాని కంఠస్వరమును గూర్చి ఇరుగుపొరుగువారికి అభ్యంతరములుండవచ్చునేమో కాని, దాని సంసిద్ధతను గూర్చి ఎవరికిని లేదు. ఫ్యాను కలదు, మూలుగును, ఊగును, అయినను తిరుగును. వీని అన్నిటికంటెను వెలలో హెచ్చు, విద్యలో హెచ్చు, ఇంటిలో దానికి వేసిన పీటయు హెచ్చైన కంప్యూటరు మాత్రము, ప్రొద్దుటనే మీట నొక్కిన నన్ను తాలూకా కచ్చేరీకి అర్జీతో వచ్చిన రైతును చూచినట్లు చూచి, తయారుచేసినవారి ముద్రను నల్లని తెరపై ఒకసారి ప్రదర్శించి, దాని క్రింద చుక్కలచేత ప్రదక్షిణము చేయించుచు, కూర్చుండుమనును. నేను కూర్చుందును.

ఈ తంతునకు ఆ శాస్త్రమువారు ‘బూటు’ అని పేరిడిరి. బూటు వెనుకనుండు పట్టీని తానే పట్టుకొని తన్ను తాను పైకి లేపుకొనుట అను అసాధ్యకృత్యమునుండి వచ్చిన మాట యిది. యంత్రములో తొలుత ఒక చిన్న ప్రోగ్రాము మేల్కొని తనకంటె పెద్దదానిని, అది మఱింత పెద్దదానిని లోనికి లాగుకొనునట. తెలుగువాని చెవికి మాత్రము వేఱొక చిత్రమే స్ఫురించును: ముహూర్తము మించిపోవుచుండగా విడిదిలో కూర్చుండి తాపీగా బూట్లు తొడుగుకొను పెండ్లికొడుకు.

హైదరాబాదులో సాఫ్టువేరు కొలువు చేయు మా మేనల్లుడు దీనిని సమర్థించును. “ఫ్యానుతో పోలుస్తారేమిటి మామయ్యా! అది చేసేది ఒక్కటే పని. దానికి జ్ఞాపకశక్తి అంటూ ఉందా?” అని నన్ను నిలదీసెను. ఉన్నది నాయనా, అంటిని. రాత్రి కరెంటు పోవునప్పటికి రెగ్యులేటరు మూడవ గీతమీద నున్నది, తెల్లవాఱి కరెంటు వచ్చినపుడు ఫ్యాను ఆ మూడవ గీతమీదనే తిరిగినది. నన్ను సక్రమముగా ఏల ఆపలేదని అడుగను లేదు, మరమ్మతు చేసికొందునని గడువు కోరను లేదు.

గృహోపకరణములు ఆలస్యమెఱుగవని నేననను. వాల్వు రేడియోల కాలమున లోపలి తీగలు వేడెక్కి ఎఱ్ఱబడువఱకు వార్తలు వినబడెడివి కావు. కరెంటు వచ్చిన రెండు మూడు నిమిషములకు గాని స్టెబిలైజరు ఫ్రిజ్జునకు సరఫరా విడువదు, ఏలయన కంప్రెసరులోని పీడనము సర్దుకొనవలెను. కుక్కరును ఆలస్యము చేయును, కాని ఆ ఆలస్యము పేరే అన్నము. ఇట్టి ప్రతి జాగునకును ప్రకృతిలో ఒక కారణము కలదు; ఆ కారణము తొలగిననాడు జాగును తొలగినది: ఆరేడు ట్రాన్సిస్టర్లు గల జేబురేడియో రాగానే మీట త్రిప్పిన క్షణమున పాట పలికెను. కంప్యూటరు విషయమున ఈ న్యాయము తలక్రిందులైనది. 1981 నాటి ఐబీఎమ్ పీసీలోని 8088 చిప్పునందున్న ట్రాన్సిస్టర్లు 29,000. అది సెకనునకు 47 లక్షల 70 వేల సారులు టిక్కుమనెడిది. దాని కనీసపు జ్ఞాపకము 16 కిలోబైట్లు. నా బల్లమీది యంత్రము సెకనునకు 300 కోట్ల సారులు టిక్కుమనును. జ్ఞాపకము 16 గిగాబైట్లు, అనగా పదిలక్షల రెట్లు. 1982లో వచ్చిన కమొడోర్ 64, తనకు వలసిన బేసిక్ భాషను చెరగని చిప్పులో ఉంచుకొనియే పుట్టుటచేత, టీవీకి తగిలించి మీట నొక్కిన రెండు మూడు సెకండ్లలో ‘రెడీ’ యని తెరపై వ్రాసి మన యాజ్ఞకై ఎదురుచూచెడిది. ఎదురుచూపు నేటికిని ఉన్నది, చూచువారు మారిరి.

మఱి ఆ పదిలక్షల రెట్లను ఎవరు భుజించిరి? మీట నొక్కగనే మొదట బయోసను ఆ తొలి చిన్న ప్రోగ్రామో, దాని వారసుడైన యూఈఎఫ్ఐయో లేచి అంగన్యాస కరన్యాసములు చేయును: జ్ఞాపకమున్నదా, డిస్కున్నదా, కీబోర్డున్నదా? (పూర్వపు యంత్రములు కొన్ని, కీబోర్డు లేదని కనుగొన్నపుడు, కొనసాగుటకు ఎఫ్1 మీట నొక్కుమని ఆజ్ఞాపించెడివి, ఇంతటి హాస్యము మన ప్రహసనకర్తలకును అరుదు.) పిమ్మట ఆపరేటింగు సిస్టము, దాని వెంట డ్రైవర్లు. వీరందఱు ఇంటివారే, వీరికి పట్టు సమయమును నేను తప్పుపట్టను. అసలు జాతర నేను పాస్‌వర్డు కొట్టిన తరువాతనే. ఎన్నడో ఒక ఫారము ముద్రించుకొన్న పాపమునకు ప్రింటరువారి సహాయకుడు, ఒక్క పీడీఎఫ్ చదివినందులకు దానిని చదివించినవారి అప్‌డేటరు, నేనెవ్వరితోను మాటాడని ఉదయవేళ మాటాడించుటకై ఒక యాప్, అందఱును, కంప్యూటరుతోబాటు లేచువారి పట్టికలో తమ పేళ్లను తామే వ్రాసికొని, వాకిలి తీసినదే తడవుగా చందా పుస్తకములతో తోసుకొని వచ్చుదురు. మిక్సీ అమ్మిన దుకాణదారుడు ప్రతి ఉదయము పచ్చడి రుబ్బుటకు ముందు మన వంటింట నిలిచి ‘క్రొత్త జారు వచ్చినది, చూతురా?’ అని అడుగువాడైనచో, ఆ మిక్సీని ఏ యిల్లాలు ఉంచుకొనును? ఇటీవల గిరగిర తిరుగు డిస్కులకు మాఱు ఎస్ఎస్‌డీలు రాగా నిమిషములు సెకండ్లకు దిగిన మాట నిజమే. ఆ పుణ్యము కదలు భాగములు లేని ఆ చిప్పులది, ప్రోగ్రాములు వ్రాసినవారిది కాదు.

సెకండ్ల విలువ నెఱిగినవాడు లేకపోలేదు. 1983లో, మెకింటాషు అను కంప్యూటరు ఇంకను విపణికి రాకమునుపు, అది లేచుటలోని ఆలస్యమును తగ్గింపుమని స్టీవ్ జాబ్స్ ల్యారీ కెన్యన్ అను ఇంజనీరు వెంటబడిన వృత్తాంతమును దానిని తయారుచేసిన జట్టులోనివాడే యగు ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ వ్రాసియుంచెను. పది సెకండ్లు తగ్గించినచో, 50 లక్షలమందికి దినమునకు 5 కోట్ల సెకండ్లు మిగులును. ఏడాదికి లెక్కించిన అవి ఎన్నో జీవితకాలములు. కావున ఆ పది సెకండ్లు తగ్గించి డజను ప్రాణములు కాపాడుమని జాబ్స్ వాదము. నేను పెన్సిలు పుచ్చుకొని లెక్కవేయగా, మనిషికి 75 ఏండ్ల ఆయువు చొప్పున ఎనిమిది ప్రాణములకు కొంచెము తక్కువగా తేలినది. తక్కిన నాలుగును ఆయన వాగ్ధాటినుండి జన్మించినవై యుండును. ఈ యుపన్యాసము జట్టువారికి నవ్వు తెప్పించినదట. అయినను కొలది నెలలలో పది సెకండ్లకు పైగా తగ్గించిరి. తప్పుడు లెక్కతోనైనను అడుగువాడొకడుండవలెను.

2012లో విండోస్ 8 వేఱొక ఉపాయము పన్నినది. ‘షట్ డౌన్’ అని మనమాజ్ఞాపింపగా అది మన ప్రోగ్రాములను మూసి, తన యంతరంగమును మాత్రము డిస్కులో ఒక ఫైలుగా దాచి, మఱునాడు దానిని చదివికొని ఎంత త్వరగా లేచితినో చూడుమనును. రాత్రి కట్టుబట్టలు విప్పక నిద్రించి, తెల్లవాఱి ముస్తాబులో నన్ను మించినవాడు లేడను అల్లుని వేగమిది. మొదటినుండి నిజముగా లేవవలెనన్న ‘రీస్టార్ట్’ నొక్కవలెను. ఆగుమన్న పూర్తిగా ఆగదు, మరల మొదలిడుమన్న ఆగును.

అమెరికాలో తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు కోర్టు 2022లో, నెవాడాలోని ఒక కాల్ సెంటరు ఉద్యోగుల వ్యాజ్యమున, హాజరు వేసికొనుటకు ముందు కంప్యూటరును లేపుటకు పట్టిన కాలమును పనిలో భాగమేయని తీర్పు చెప్పినది. ఆ కేంద్రము సేవించునది పాత గృహోపకరణములను సేకరించు వ్యాపారమును! గృహస్థునకు ఈ పనికి కూలి ఎవరిత్తురో ఏ కోర్టును చెప్పలేదు.

కంప్యూటరు ఫ్యానును చూచి నేర్చుకొనునని నేనాశించుచుండగా, టీవీయే కంప్యూటరును చూచి నేర్చుకొన్నది. మా గోడమీది క్రొత్త టీవీ, కరెంటు పోయి వచ్చినపుడెల్ల తన ముద్రను చూపి, చుక్కలు త్రిప్పి, వార్తలలో ముఖ్యాంశములు ముగిసిన పిదప వార్తలకు వచ్చును.

మిక్సీలు చేయువారికి నాదొక విన్నపము. పోటీలో నున్నవారు కనుక, దానికిని ఒక తెరయు వైఫైయు అమర్చుదమను తలంపు మీకు కలుగవచ్చును. అమర్చకుడు. మా యింట ఉదయము ఆరున్నరకు కొబ్బరి పచ్చడి కావలెను.