ఉబ్బిన కెపాసిటర్లు

2003లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఓ కుర్రాడు నన్ను కొన్నాడు. పెంటియం ఫోర్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, హార్డ్ డిస్క్ విడివిడిగా కొనుక్కెళ్లి, ఇంట్లో ఆ కుర్రాడే సొంతంగా నాకు జోడించాడు. నేను మదర్‌బోర్డును. ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ కరెంటు అందేది నా ద్వారానే.

కొన్నేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఒక చలికాలం పొద్దున మొదలైంది గొడవ. బీప్ వినిపించేది, ర్యామ్ లెక్క సరిపోయేది, విండోస్ ఎక్స్‌పీ బొమ్మ కింద నీలం గీతలు కదిలేవి. అంతలో ఉన్నట్టుండి రీస్టార్ట్! అలా పడుతూ లేస్తూ ఒళ్లు వేడెక్కాక డెస్క్‌టాప్ వచ్చేది. ఇక రాత్రి దాకా చక్కగా నడిచేదాన్ని. జబ్బు గుట్టంతా అక్కడే ఉంది, కానీ అది ఎవరికీ తట్టలేదు.

అందరూ ముందు విండోస్‌నే అనుమానించి మళ్లీ ఎక్కించారు. ర్యామ్ పిన్నులను రబ్బరుతో రుద్దారు. ఎస్ఎంపీఎస్ మార్చి చూశారు. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే ఒక్క తప్పూ దొరకలేదు. అప్పటికే వేడెక్కి ఉన్న నాలో ఏం దొరుకుతుంది?

కుర్రాడు ఓ మంచి పని చేశాడు. ఎక్స్‌పీలో ఆటోమేటిక్ రీస్టార్ట్‌ను ఆపేశాడు. దాంతో నీలి తెర కదలకుండా నిలబడింది. చూస్తే పూటకో ఎర్రర్ కోడ్! ఒక డ్రైవర్ చెడితే మామూలుగా ఒకే కోడ్ పదేపదే వస్తుంది. ఇలా మారుతుంటే చూడాల్సింది హార్డ్‌వేర్‌నే. కేసు మూత విప్పి టార్చ్ వేశాడు.

ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడ్డ కెపాసిటర్లలో మూడింటి తలలు ఉబ్బి ఉన్నాయి. ఒకదాని మీద గోధుమరంగు మరక. 12 వోల్టులను ఒకటిన్నర వోల్టుకు దించి ప్రాసెసర్‌కు ఇచ్చేటప్పుడు, అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే ఆదుకునేవి ఇవే, కుళాయి సన్నగిల్లినప్పుడు వాడుకునే బిందెల్లాగా. బయోస్ పనికి పెద్దగా కరెంటు అక్కర్లేదు. విండోస్ లోడయ్యేటప్పుడు లాగుడు ఎగుడుదిగుడుగా ఉంటుంది. లోపలి ద్రవం పాడైన కెపాసిటర్ చలిలో మరీ నీరసిస్తుంది, వేడి తగిలితే కాస్త కోలుకుంటుంది. ఆ రోజుల్లో ద్రవం నాసిరకం కావడంతో చెడిపోయిన బోర్డులు ప్రపంచమంతటా ఉన్నాయి. చిన్న డబ్బాలు మారిస్తే బతికేవి ఎన్నో చెత్తలో కలిశాయి. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నన్ను రిపేరు షాపుకు తీసుకెళ్లి, అక్కడి మెకానిక్‌ను కుర్రాడు అడిగాడు: "అన్నా, మూడే కదా ఉబ్బినవి?"

"మిగతావి పైకి బాగున్నాయి తమ్ముడూ. అన్నీ ఒకే రకం. అన్నీ తీసేద్దాం."

తీయడం తేలిక కాలేదు. సోల్డరింగ్ ఐరన్ వేడినంతా నా లోపలి రాగి పొరలు లాగేసుకుంటుంటే, మెకానిక్ ఓపిగ్గా టంకం కరిగించి, రంధ్రాలు శుభ్రం చేసి, 105 డిగ్రీల దాకా తట్టుకునే రకం కొత్తవి పెట్టాడు. మర్నాడు తెల్లవారుజామున, ఇంకా చల్లగా ఉండగానే, బీప్ తర్వాత నేరుగా డెస్క్‌టాప్ వచ్చింది. ఆ సాయంత్రమే కుర్రాడు టార్చ్ పట్టుకుని స్నేహితుడి కంప్యూటర్ మూత విప్పడానికి వెళ్లాడు.