దాణా డాలర్లలో!

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రాత్రి మలయప్పస్వామి కల్కి అలంకారంలో అశ్వ వాహనమెక్కి మాడవీధుల్లో ఊరేగుతాడు. ‘గుర్రం నీకు, వీసా నాకు’ అని దండం పెట్టే చిత్తూరు కుర్రాళ్లకు కొదవ లేదు.

అమెరికా నలభైకి పైగా దేశాలకు వీసా మినహాయింపు ఇచ్చింది. జపాన్ వాడు ఇంట్లో కూర్చుని ఫారం నింపి సుమారు 40 డాలర్లు కడితే, అనుమతి రాగానే వెళ్లి 90 రోజుల దాకా టెక్సాస్‌లో గుర్రాలెక్కి ఆడుకోవచ్చు. ఆ జాబితాలో మనం లేం. మనవాడు 185 డాలర్లు కట్టి, స్లాటు పట్టి, ‘తిరిగి వచ్చేస్తాను సార్’ అని నమ్మించాలి. స్లాట్ల వేట తిరుపతి వాళ్లకు కొత్తేమీ కాదు. 300 రూపాయల దర్శనం టికెట్ల దగ్గరే ఆరితేరారు. కానీ వీసా రాకున్నా కట్టిన సొమ్ము వెనక్కి రాదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటే ఇదే!

సరదా గుర్రం మీదే అయితే నేపాల్ ఉంది, మనకు వీసా అక్కర్లేదు. కాకపోతే ‘మా అల్లుడు నేపాల్‌లో ఉన్నాడు’ అని ఏ మామ చెప్పుకుంటాడు?