గురువుగారి సర్వీసు రిజిస్టరు

బతికున్నన్నాళ్లూ కన్ఫ్యూషియస్‌కు కుదురైన ఉద్యోగం దొరకలేదు. సొంతగడ్డ లూ రాజ్యంలో కొన్నాళ్లు న్యాయశాఖ చూశాడంటారు. అక్కడ పొసగక బయటపడి, శిష్యులను వెంటేసుకుని 14 ఏళ్లు రాజ్యాలు పట్టుకు తిరిగాడు. రాజులు కూర్చోబెట్టి ధర్మపన్నాలు విన్నారు, కొలువు మాట మాత్రం ఎత్తలేదు. క్రీ.పూ. 479లో ఆయన కన్నుమూసేనాటికీ ఆర్డరు రాలేదు.

పోయాక మాత్రం ఆయనకు తీరికే లేదు. ఉద్యోగం దొరకని మనిషి చెప్పిన మాటలే ఉద్యోగ పరీక్షకు సిలబస్ అయ్యాయి. 1905లో ఆ పరీక్షలు రద్దయ్యేదాకా తరతరాల చైనా కుర్రాళ్లు వాటిని బట్టీపట్టారు. గ్రూప్‌-1 కోచింగ్‌లో ఉన్నవాళ్లకు ఆ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1966 నవంబరులో, మావో సాంస్కృతిక విప్లవంలో, డిస్మిసల్. బీజింగ్ నుంచి రెడ్‌గార్డులు ఆయన సొంతూరు చూఫు వెళ్లి విగ్రహాలు పగలగొట్టి, వంశస్థుల సమాధులు తవ్విపోశారు. చాలదన్నట్టు 1974లో దేశమంతటా చార్జిషీటు చదివారు. 1971లో విమానం కూలి పోయిన మావోకు ఒకప్పటి వారసుడు, మార్షల్ లిన్ బియావో ఏ-1, ఆయనకన్నా దాదాపు 2,450 ఏళ్ల ముందు పోయిన గురువుగారు ఏ-2. ఇద్దరూ ఎక్కడ కూర్చుని కుట్ర పన్నారో దర్యాప్తులో తేలలేదు.

మావో పోయాక పార్టీకి, డబ్బు సంపాదించుకోండని జనానికి చెప్పి మార్క్స్‌ను వినిపించడం కాస్త ఇబ్బందే. అప్పుడు పాత ఉద్యోగి గుర్తొచ్చాడు. 2004లో సోల్‌లో మొదటి కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచి విదేశీ డిప్యుటేషన్ వేశారు. 2011 జనవరిలో ఏకంగా టియానన్మెన్ స్క్వేర్ పక్కన, నేషనల్ మ్యూజియం ముందు, తొమ్మిదిన్నర మీటర్ల కంచు విగ్రహమై నిలబడ్డాడు. మావో పటం అక్కడికి కూతవేటు దూరం. ఏప్రిల్‌లో ఒక తెల్లవారి చూస్తే విగ్రహం లేదు. మ్యూజియం లోపలి ఆవరణకు బదిలీ అట! కారణం ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. బదిలీలకు కారణాలు వెతికేవాళ్లు ఏ దేశంలోనైనా అమాయకులే.

ఈలోగా ఆయన పేరిట ఒక శాంతి బహుమతి కూడా పుట్టింది. జైల్లో ఉన్న చైనా అసమ్మతివాది లియూ షియావ్‌బోకు 2010లో నోబెల్ ఇచ్చారన్న ఉక్రోషంతో బీజింగ్‌లో కొందరు హడావుడిగా పెట్టారు. మొదటి గ్రహీత, తైవాన్ మాజీ ఉపాధ్యక్షుడు లియెన్ చాన్, రానేలేదు. ఎవరో చిన్నపాప చేతిలో నోట్ల కట్ట పెట్టి తంతు ముగించారు. 2011లో పుతిన్‌కు, 2015లో ముగాబేకు ప్రకటించారు. సాటి మనిషి మీద దయ చూపమని చెప్పిన మాస్టారికి ఇంతకు మించిన పనిష్‌మెంట్ పోస్టింగ్ ఉండదు.

2013 జులై 1 నుంచి దూరాన ఉన్న పిల్లలు తల్లిదండ్రులను తరచూ చూసి రావాలని చట్టం వచ్చింది. అదే రోజు వూషీ నగరంలో ఒక కోర్టు, 77 ఏళ్ల తల్లిని కూతురు రెండు నెలలకోసారైనా చూసి రావాలని తీర్పిచ్చింది. తల్లిదండ్రులను ఆదరించాలన్న గురువుగారి ఆశయం నెరవేరిందని మురిసిపోవచ్చు. నేను మురవను. శిక్షల భయంతో మంచి నడవడి రాదన్న మనిషి ఆయన.

బోర్డు మీద పేరు ఆయనదే గానీ, లోపల కూర్చుని సంతకాలు పెట్టేది షాంగ్ యాంగ్. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో చిన్ రాజ్యానికి కరకు చట్టాలు రాసిన మంత్రి. ఒకడి తప్పుకు ఇరుగుపొరుగూ జవాబుదారీ. గుర్తింపు చూపనివాడికి చోటిస్తే సత్రంవాడికి శిక్ష. కాపాడే రాజు పోయాక షాంగ్ యాంగ్ పారిపోతూ సరిహద్దు సత్రం తలుపు తట్టాడు. కాగితం లేనివాళ్లకు చోటివ్వకూడదని షాంగ్ యాంగ్ గారి రూలు, కుదరదన్నాడట సత్రంవాడు. సీమా చియన్ రాసిన చరిత్రలో ఉందీ ఉదంతం.

2022 జూన్‌లో హెనాన్ గ్రామీణ బ్యాంకుల్లో సొమ్ము ఇరుక్కున్నవాళ్లు గట్టిగా అడుగుదామని ఝెంగ్‌ఝౌ బయల్దేరితే, ఫోన్లలో కోవిడ్ హెల్త్ కోడ్ ఎర్రబడింది, ఇక కదలడానికి లేదు. పాపం, వాళ్లకు జబ్బు లేదు, డబ్బే లేదు. అలా 1,317 మంది డిపాజిటర్లకు ఎర్రరంగు పూశారని తర్వాత తేలింది. ఐదుగురు అధికారులను శిక్షించారు. సత్రంవాడు నయం, ఎదురుగా నిలబడి కాదన్నాడు.

కుర్రకారు ఈ గురువునూ ఆ మంత్రినీ వదిలేసి తావో తాత్వికుడు జువాంగ్‌జి దారి పట్టింది. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, వారానికి ఆరు రోజులు పని దొరకడం మహా వరమని అలీబాబా వ్యవస్థాపకుడు జాక్ మా 2019లో సెలవిచ్చాడు. 2021కల్లా ఆ వరం మాకొద్దు, పడుకుంటాం అన్నారు. పెళ్లొద్దు, ఫ్లాటొద్దు, ప్రమోషనొద్దు. వెనకటికి చేపలు పట్టుకుంటున్న జువాంగ్‌జికి చూ రాజు పదవి ఇస్తానని కబురంపితే, గుడిలో పెట్టెలో పూజలందుకునే చచ్చిన తాబేలు కన్నా బురదలో తోకాడించుకునే తాబేలే నయమన్నాడట. రాజుగారి మనుషులు మారు మాట్లాడలేదు. ఈసారి పత్రికలు సిగ్గుచేటని తిట్టాయి, పడుకున్నవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులు మూతపడ్డాయి. మరి తాబేళ్లన్నీ బురదలో దొర్లుతుంటే పెట్టెల్లోకి ఎవరొస్తారు?