గేటు చూసి మార్కులు వేయండి

అమ్మానాన్నల్ని సీనియర్ లివింగ్‌లో చేర్చాలనుకుంటున్న కొడుకులకూ కూతుళ్ళకూ ఈ చిట్కాలు. ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. అక్కడ ఉండబోయేది వాళ్ళే అయినా చెక్కు రాయబోయేది మీరు. కాబట్టి ఆ చోటు మీకు నచ్చాలి. నాన్నగారికి నచ్చకపోతే నాలుగు రోజుల్లో అలవాటు పడతారు. మీకు నచ్చకపోతే రాత్రుళ్ళు నిద్ర పట్టదు, తెల్లారితే ఆఫీసులో మీటింగులు. కింద చెప్పినవన్నీ మీ నిద్ర కోసం చెప్పినవే.

శంకర్‌పల్లి దారిలోనో షాద్‌నగర్ దారిలోనో ఒకటి చూడ్డానికి బయల్దేరారనుకుందాం. కారు దిగకముందే సగం మార్కులు వేసేయొచ్చు. గేటు ఎత్తుగా ఉండాలి. సెక్యూరిటీ అతను సెల్యూట్ కొట్టాలి. లోపల పచ్చిక, మధ్యలో ఫౌంటెన్, ఆ పక్కన ఈతకొలను. అమ్మకి రెండు మోకాళ్ళూ మార్పించారు, ఆవిడ జన్మలో ఈత కొట్టింది లేదు, నిజమే. కానీ ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టగానే ఆస్టిన్‌లో ఉన్న చెల్లెలు "భలే ఉంది అన్నయ్యా" అనాలంటే కొలనులో నీళ్ళు నీలంగా ఉండి తీరాలి.

బాత్రూములోకి మాత్రం తొంగి చూడకండి. చూసినా మార్బుల్ మెరుస్తోందా లేదా అన్నంత వరకే. తడిస్తే ఇంకా బాగా మెరుస్తుంది. కొందరు చాదస్తులు కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా, గడప ఎత్తుగా ఉందా, వాకరు లోపలికి పడుతుందా అని కొలతలు తీస్తారు. ఇంకా ముదిరినవాళ్ళు నేల మీద కూలబడి, జారిపడ్డ మనిషికి అక్కణ్ణుంచి బెల్లు అందుతుందా అని చెయ్యి చాచి చూస్తారు. నొక్కి, ఎంతసేపటికి మనిషి వస్తుందో గడియారం చూసుకుంటారు. ఇస్త్రీ ప్యాంటు మాసిపోతుంది, ఎందుకొచ్చిన గొడవ?

ఎప్పుడు వెళ్ళాలి?

ఆదివారం, పదకొండు గంటలకి. ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి, అది మర్యాద. అప్పటికి అందరికీ స్నానాలయి, పౌడరు రాసి, ఉతికిన పంచెలూ చీరలూ కట్టి హాల్లో కూర్చోబెట్టి ఉంటారు. రూమ్ ఫ్రెషనర్ వాసన కొట్టిందంటే శుభ్రత పాటిస్తున్నారన్నమాట. రాత్రి ఎనిమిది దాటాక గానీ, తెల్లవారుజామున గానీ, పండగ మర్నాడు గానీ చెప్పాపెట్టకుండా వెళ్ళడం సంస్కారం కాదు. అప్పుడు ఎందరు పనివాళ్ళున్నారో, ఎవరు ఎంతసేపటి నుంచి తడిలో పడి ఉన్నారో కళ్ళబడుతుంది. చూసినవాటిని మళ్ళీ చూడనట్టు ఉండటం కష్టం.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఈ విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడి పద్ధతులు చూసి మీ అలవాట్లు పాడై ఉంటాయి. అక్కడ ప్రభుత్వ సొమ్ము తీసుకునే నర్సింగ్ హోముల్ని తనిఖీ చేసేవాళ్ళు ముందు కబురు పెట్టకుండా వస్తారు. తనిఖీకీ తనిఖీకీ మధ్య 15 నెలలకు మించి ఎడం ఉండకూడదు. 2008 నుంచి ఒక్కో హోముకి ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు వేస్తున్నారు, అందులో సిబ్బంది ఎంతమంది అన్నదీ లెక్కే. మన దగ్గర అంత ఇబ్బంది లేదు. గూగుల్ నక్షత్రాలున్నాయి. "ఫుడ్ అదిరింది, పార్కింగ్ సూపర్" అని, అక్కడి హాల్లో ఎవరిదో షష్టిపూర్తికి వచ్చిన కుర్రాడు పెట్టిన అయిదు నక్షత్రాల్ని మించిన సాక్ష్యం ఏముంటుంది?

మన కేంద్ర గృహ నిర్మాణ శాఖ కూడా 2019లో రిటైర్మెంట్ హోముల కోసం నమూనా మార్గదర్శకాలు తెచ్చింది. వాటిని పాటించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. మార్కెటింగ్ అమ్మాయి దగ్గర ఆ ఊసెత్తి ఆమెను ఇరుకున పెట్టకండి, టార్గెట్లుంటాయి పాపం.

పనివాళ్ళతో మాటలు పెట్టుకోకండి

సందేహాలన్నీ మేనేజరునే అడగాలి, ఆయన టై కట్టుకుని ఉంటాడు. ఆయాను పక్కకు పిలిచి "నువ్విక్కడ చేరి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగారా, పోయిన నెలే వచ్చానంటుంది. ఆ ముందు ఉన్నామె ఏమైందంటే జీతం చాలక వెళ్ళిపోయిందంటుంది. రాత్రి డ్యూటీలో ఎంతమంది, ఒక్కొక్కరి కింద ఎందరు పెద్దవాళ్ళు, ఒకరు సెలవు పెడితే ఎవరొస్తారు అన్న ప్రశ్నలు ఆరోగ్యానికి మంచివి కావు. పగలు హాల్లో పదిమంది యూనిఫారాల్లో తిరుగుతుంటే చూశారుగా. రాత్రి ఎటూ అందరూ పడుకుంటారు, ఇద్దరు చాలరూ? ముసలివాళ్ళు పడిపోయేదీ, ఊపిరాడక లేచి కూర్చునేదీ, దారి తెలియక నడవాల్లో తిరిగేదీ రాత్రిపూట కూడా ఉంటుందని ఎవరైనా అంటే, వాళ్ళకి పాజిటివ్ థింకింగ్ లేదని గ్రహించండి.

భాష కూడా పెద్ద సమస్య కాదు. ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో వచ్చిన పిల్లకి, "ఒంటేలు వస్తోందే అమ్మా, కాస్త లేవదియ్యి" అంటే అర్థం కాదు. అందుకే డైపరుంది. పొద్దున్న కట్టి రాత్రికి విప్పితే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. నడవగలిగిన మనిషికి కూడా కట్టొచ్చు. చెయ్యి పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్ళి తీసుకురావడానికి పావుగంట పడుతుంది, కట్టడానికి రెండు నిమిషాలు. కొన్నాళ్ళు గడిస్తే నడవడం వాళ్ళంతట వాళ్ళే మానేస్తారు. పడిపోతారన్న భయమూ పోతుంది.

ఇక నిశ్శబ్దం. మంచి ఆశ్రమానికి గురుతు అదే. టీవీ ముందు ఇరవైమంది కుర్చీల్లో కూర్చుని, సీరియల్లో ఎవరు ఎవరిని కొట్టినా తల తిప్పకుండా, గడ్డాలు గుండెలకి ఆనించి ఉన్నారంటే క్రమశిక్షణ అక్కడ పరిఢవిల్లుతోందన్నమాట. మన ఇంట్లో పొద్దస్తమానం సణిగిన నాన్నగారు, అక్కడ చేరిన పదిహేను రోజులకే మెత్తబడిపోయారంటే ఎంత ఆనందం! మాత్రల చార్టు తీసి కొత్తగా ఏం చేరాయో చూడకండి. ఏ డాక్టరు రాశారు, దేనికి రాశారు, ఎప్పుడు ఆపుతారు అని అడగడం వైద్యుణ్ణి శంకించినట్టు. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళకి కొన్ని రకాల మనోవ్యాధి మందులిస్తే మరణాలు పెరుగుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే మందు వివరాల పత్రంలో నల్ల గీతల చట్రం గీయించి మరీ హెచ్చరించింది. సిబ్బంది సౌకర్యం కోసం మనుషుల్ని కట్టేయడం గానీ మందులతో మత్తులో ఉంచడం గానీ కుదరదని అమెరికావాళ్ళు 1987లోనే చట్టం చేసుకున్నారు. వాళ్ళకి ఓపిక ఎక్కువ. మనకి నాన్నగారు ప్రశాంతంగా కనపడితే చాలు.

దుప్పటి ఎత్తకండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా, కాస్త నిదానంగా చెబుతాను.

మంచాన ఉన్న మనిషిని చూడ్డానికి వెళ్ళినప్పుడు మొహం మాత్రమే చూడాలి. తల దువ్వి, బొట్టు పెట్టి ఉంటుంది. మడమలు చూడకూడదు. నడుము కింద, పిరుదుల మధ్య ఎముక పొడుచుకొచ్చే చోటు అసలే చూడకూడదు. పుండు మొదలయ్యేది అక్కడే. మొదట ఎర్రటి మచ్చ. వేలితో నొక్కి వదిలితే మామూలు ఎరుపైతే తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతుంది. ఇది నొక్కినా ఎర్రగానే ఉంటుంది. నల్లటి ఒళ్ళయితే రంగు తెలియకపోవచ్చు, చుట్టుపక్కల కన్నా వేడిగానో గట్టిగానో తగులుతుంది. ఆ దశలో కనిపెడితే పక్క మార్చడంతోనే నయం కావచ్చు. కనిపెట్టకపోతే చర్మం పోతుంది, కండ పోతుంది, చివరికి ఎముక కనపడుతుంది. ఇవన్నీ తెలుసుకుని మీరేం చేస్తారు? గాలి పరుపు కొనిచ్చారు కదా, ప్లగ్గు పెట్టారో లేదో చూడ్డం మీ పని కాదు.

రుజువు కావాలంటే మంచం కాళ్ళ దగ్గర చార్టు వేలాడుతుంటుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పినట్టు వరసగా టిక్కులు. పగలూ రాత్రీ ఒకే పెన్ను, ఒకే వాలు, ముచ్చటగా ఉంటుంది. మీరు మధ్యాహ్నం మూడింటికి వెళ్ళేసరికే సాయంత్రం ఆరింటి టిక్కు కూడా పడి ఉంటే అది ముందుచూపు. మెచ్చుకోండి.

భోజనం గురించి

గోడ మీద మెనూ చదవండి. సోమవారం పెసరట్టు ఉప్మా, మంగళవారం గుత్తివంకాయ, ఏకాదశికి ఫలహారం. ఫొటో తీసుకోండి. పళ్ళు లేని మనిషికి గుత్తివంకాయ ఎవరు చిదిపి కలుపుతారు, చేతులు వణికే మనిషికి ఎవరు తినిపిస్తారు, పడుకోబెట్టే నోట్లో ముద్ద పెడుతున్నారా, కూర్చోబెట్టి పెడుతున్నారా అన్నవి వంటింటి గోల. పడుకోబెట్టి పెడితే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ముకి దారి తీయొచ్చంటారు గానీ, అది వచ్చినప్పుడు చలిగాలి మీదకి తోసేయొచ్చు.

బరువు చూసే కాటా ఉందా అని అడగొద్దు. ఉంటే, నెలనెలా రాసిన పుస్తకం చూపించమనాలనిపిస్తుంది. చూపిస్తే, అరవై కిలోలున్న అమ్మ ఒక్క నెలలో మూడు కిలోలు తగ్గిందని తెలుస్తుంది. ప్రయత్నం చేయకుండా నెలకి నూటికి అయిదు వంతులు తగ్గితే వెంటనే కారణం వెతకాలని వైద్యులంటారు. మనం "నాజూకయ్యావమ్మా" అంటే సరిపోతుంది. రాత్రి భోజనం ఆరింటికే పెట్టేసి మర్నాడు టిఫిను ఎనిమిదిన్నరకి పెడతారంటే, వంటవాళ్ళని త్వరగా ఇళ్ళకి పంపే దయగల యాజమాన్యమని అర్థం. నాన్నగారికి ఇన్సులిన్ ఉందంటారా? ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి రండి.

ఒక హెచ్చరిక. ఊళ్ళు తిరుగుతున్నప్పుడు పొరపాటున కొన్ని చోట్లకి వెళ్ళే ప్రమాదముంది. పెయింటు పెచ్చులూడుతుంటుంది, కొలనూ లేదు ఫౌంటెనూ లేదు, వసారాలో నలుగురు తాతలు పేకాటలో ముక్క దాచావంటే నువ్వు దాచావని అరుచుకుంటుంటారు. ఎవరూ మీకు సెల్యూట్ కొట్టరు. ఒకామె మెట్టు మీద కూర్చుని ఒక ముసలాయన కాళ్ళ గోళ్ళు తీస్తూ, "మా తాతగారు స్టీలు గ్లాసులో ఇస్తేనే కాఫీ తాగుతారండీ, కప్పులో పోస్తే అలుగుతారు" అంటుంది. ఆమెకి పదేళ్ళ సర్వీసు. ఎప్పుడొచ్చినా రావచ్చు, టైములేం లేవంటారు. పోయిన ఏడాది ఎందరు పడ్డారంటే దాచకుండా పుస్తకం తీసి చూపిస్తారు. అక్కడ ఎక్కువసేపు నిలబడకండి. మీ కొలమానాలన్నీ తలకిందులవుతాయి, చెల్లెలికి పంపడానికి ఒక్క ఫొటో కూడా దొరకదు.

అగ్రిమెంటు చదవక్కర్లేదు, నలభై పేజీలుంటుంది. "స్వయంగా పనులు చేసుకోలేని స్థితి వచ్చినచో" అని మొదలయ్యే పేరా ఎక్కడో ముప్ఫయ్యో పేజీలో ఉంటుంది. మంచాన పడినా, మతి తప్పినా, నోటీసు గడువులోగా కుటుంబ సభ్యులు తీసుకెళ్ళాలని అందులో ఉండొచ్చు. పడకముందు పదేళ్ళు హాయిగా చూసుకుంటారు కదా, పడ్డాక చూడాలనడం అత్యాశ. అర్ధరాత్రి రెండింటికి గుండె నొప్పొస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళతారు, అంబులెన్స్ ఎంత దూరం నుంచి రావాలి, వెంట ఎవరు వెళతారు, సంతకం ఎవరు పెడతారు అన్నవి రాసి ఇమ్మని పట్టుబట్టడం అపశకునం. డిపాజిట్ వెనక్కి ఎప్పుడిస్తారన్నది అడగడం ఇంకా అపశకునం, మనిషి పోయాకే కదా ఆ మాట వచ్చేది.

చట్టం అంటారా, తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చింది. పెద్దవాళ్ళని వదిలేసిపోతే మూడు నెలల జైలో అయిదు వేల రూపాయల జరిమానానో రెండూనో వేయొచ్చని అందులో ఉంది. మీరు వదిలేయడం లేదు, నెలనెలా ఆన్‌లైన్‌లో కడుతున్నారు. పెద్దవాళ్ళ కోసం 14567 అని ఉచిత హెల్ప్‌లైను కూడా ఉంది. ఆ నెంబరు పెద్దక్షరాలతో గోడ మీద రాసిపెట్టిన ఆశ్రమం ఎక్కడైనా కనపడితే అనుమానించండి. ఫిర్యాదు చేసుకోమని వాళ్ళే చెబుతున్నారంటే ఏదో తిరకాసు ఉంటుంది.

చేర్చాక బాగా చూస్తున్నారో లేదో తెలుసుకోవడానికి వారం వారం వీడియో కాల్ చేయండి. ప్రతి వారం ఒకే టైముకి, ఆఫీసు నంబరుకే. మేనేజరుని పక్కనే ఉండమనండి, స్పీకరు పెట్టమనండి. అప్పుడు గట్టిగా, అందరికీ వినపడేలా అడగండి: "ఏం నాన్నా, వీళ్ళు నిన్ను బాగా చూసుకుంటున్నారా?" ఫోను మేనేజరు చేతిలో ఉంటే మరీ మంచిది, నాన్నగారి చేతులు వణుకుతాయి కదా.