బంగారు కుచ్చు మహాసంగ్రామం

అఖిల వాహనచోదక భయంకరమూ, చలానాసహస్ర సంకులమూ అయిన అమెరికా ట్రాఫిక్ కోర్టు అది. జడ్జిగారి వెనక జాతీయ జెండా. దాని అంచున వేలెడైనా లేని పసుపు కుచ్చు. ఆహా, ఏమి ఆ కుచ్చు ప్రతాపం! పరదాకు కుడితే ఉత్త అలంకారం. జెండాకు కుట్టేసరికి, సర్కారు చట్టాలేవీ తనకు వర్తించవంటూ స్వయంపట్టాభిషిక్తుడైన మన సావరిన్ సిటిజన్ కంటికి హాలంతా మహాసముద్రం, బల్లలు ఓడలు, జడ్జి నౌకాధిపతి! "ఇది సముద్ర న్యాయస్థానం. నేల మీది మనిషిని విచారించే హక్కు దీనికి లేదు" అని సింహనాదం చేశాడు. కుచ్చు జెండాలో భాగమే కాదని 1925లోనే అటార్నీ జనరల్ తేల్చేసినా, వీరులు పాత ఫైళ్లు చదవరు గదా!

నేరం లైసెన్సు లేకుండా కారు నడపడం. "నడపలేదు, ప్రయాణించాను" అన్నాడు ధీరోదాత్తుడు.

తర్వాత నామయుద్ధం. చలానాలో పేరంతా ఇంగ్లిషు పెద్దక్షరాల్లో ఉంది. అది తాను కాదట, తన పేరిట సర్కారు నిలబెట్టిన గడ్డిబొమ్మట! 1933లో బంగారు ప్రమాణం వదిలేశాక ప్రభుత్వం పుట్టిన ప్రతి బిడ్డనూ తాకట్టు పెట్టి అప్పు తెస్తోందట, డాలరు ఉత్త కాగితమట. పెద్దా చిన్నా భేదమెరుగని మన లిపిలో పుట్టి ఉంటే పాపం, ఈ యోధుడు నిరాయుధుడే!

ఇక అస్త్రప్రయోగం. బొటనవేలు ఎర్ర సిరాలో ముంచి, కాగితం మూలన అదిమి, మెల్లగా పైకెత్తాడు. పక్కన తపాలా బిళ్ల అంటించి, దాని మీదుగా అడ్డంగా సంతకం. పేరు నడుమ హైఫన్, కోలన్ ద్వారపాలకులు. చివర "యూసీసీ 1-308" అనే వాణిజ్య చట్టపు సెక్షన్ మహామంత్రం. జడ్జి కళ్లజోడు సవరించుకుని ఒక్క మాటన్నారు: "తిరస్కరిస్తున్నాను."

ఆ మాటకు బలగం తక్కువేమీ కాదు. ఇలాంటి వాదాలను విచారణ పొడిగించకుండా కొట్టేయాలని 2011లో అమెరికా ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పింది. 2012లో కెనడాలోని ఆల్బర్టాలో జస్టిస్ జాన్ రూక్ ఒక విడాకుల కేసు తీర్పులో 736 పేరాలు పరచి ఈ విద్యలన్నిటికీ ఉత్తరక్రియలు జరిపారు.

అసలు దివ్యాస్త్రాలు మాత్రం అమ్ములపొదిలోనే ఉండిపోయాయి. అమెరికా రాజ్యాంగపు అయిదో సవరణ మౌనంగా ఉండే హక్కిచ్చింది, వీరుడు నోరు మూయడు. తన కేసు తానే వాదించుకునే హక్కును 1975లో సుప్రీంకోర్టు ఫరెట్టా తీర్పు గుర్తించింది. వాదించాడు సరే, కేసు గురించి తప్ప! ఇక వకీలును కోరే హక్కు: ఫ్లోరిడా జైల్లో క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడు జైలు కాగితాల మీద పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకు అర్జీ రాసుకున్నాడు. అడిగింది ఒక్కటే, తనకో వకీలు. 1963లో ఆ అర్జీ నెగ్గి, తీవ్ర నేరారోపణలో ప్రతి పేద ముద్దాయికీ వకీలును తెచ్చింది. మళ్లీ విచారణ జరిగితే గిడియన్ నిర్దోషిగా ఇంటికెళ్లాడు.

మన సార్వభౌముడికి దక్కింది జరిమానా, పైన కారును ఈడ్చుకెళ్లిన ఖర్చు. రెండూ ఆ ఉత్త కాగితాలతోనే కట్టాడు.